దవడ పళ్ళ సాక్ష్యం

నోరు తెరిపిస్తే చాలు, మనిషి గుట్టు బయటపడుతుందని మేస్త్రీ నమ్మకం. ఆ నమ్మకంతోనే పిప్పరమెంటు బిళ్ళల ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళుగా ప్రతి నెలా మొదటి సోమవారం నోటి తనిఖీ చేస్తున్నాడు. కిటికీ పక్కన ఎత్తు స్టూలు, ఒక చేతిలో టార్చిలైటు, రెండో చేతిలో చెంచా. పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి స్టూలెక్కితే, చెంచా కాడతో పైపెదవి ఎత్తి, ముందు పళ్ళ మీద వెలుగు వేసి, చిగురు పక్కన గోధుమరంగు గీత గానీ నల్లమచ్చ గానీ ఉందేమో చూస్తాడు. ఉంటే పుస్తకంలో పేరు పక్కన ఒక చుక్క పెడతాడు. మూడు చుక్కలు పడ్డ మనిషి సరుకు తింటున్నట్టే లెక్క. ఆ శనివారంతో పని సరి. ఒక నోటికీ ఇంకో నోటికీ మధ్య చెంచాను వేణ్ణీళ్ళలో ముంచి తుడుస్తాడు కాబట్టి, తన తనిఖీకి వంక పెట్టడానికి ఏమీ లేదని కూడా అతని నమ్మకం.

ఇన్నేళ్ళలో పదకొండు మంది అలా వెళ్ళిపోయారు. వాళ్ళలో ఏడోవాడు మేస్త్రీ సొంత తమ్ముడు, పంచదార జల్లించే పొడిగదిలో ఉండేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు మొదటి రోజే ఎవరో ఒకరు ఆ సంగతి చెవిన వేస్తారు. "తోడబుట్టినవాణ్ణే వదల్లేదు, నిన్ను వదులుతాడా?" అంటారు. ఆ మాట వినబడ్డప్పుడల్లా మేస్త్రీ నడుము ఇంకాస్త నిటారుగా నిలిచేది.

ఈ సోమవారం జల్లెడక్కకు మూడో చుక్క పడింది.

ఎనిమిదేళ్ళుగా పొడిగదిలో పంచదార జల్లిస్తోంది కాబట్టి ఆవిడ అందరికీ జల్లెడక్కే, తనకంటే పెద్దవాళ్ళక్కూడా. మాట తక్కువ, పని ఎక్కువ. ఆవిడ జల్లించిన పొడిలో పలుకు తగిలిందని బిళ్ళల మిషను దగ్గర ఏనాడూ ఎవరూ అనలేదు. పెదవి ఎత్తి చూసేసరికి మేస్త్రీకి మనసులో కలుక్కుమంది. పైవరస ముందు పళ్ళు నాలుగూ చిగురు వెంబడి నెలవంకల్లా గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. ఒకదాని అంచు పెచ్చులా లేచిపోయింది. రూలంటే రూలే. పుస్తకం తీసి చుక్క పెట్టాడు.

"మేస్త్రీగారూ, నేను తినలేదు," అంది జల్లెడక్క, స్టూలు దిగకుండానే.

"అందరూ అనేది అదేనమ్మా."

"అందరి సంగతీ నాకెందుకండీ? నేను తినలేదు. తీపి తగిలిందంటే ఈ పన్ను జివ్వున లాగుతుంది. తినమని బతిమాలినా తినలేను."

"తినగా తినగానే కదా అలా లాగేది!"

వరసలో ఉన్నవాళ్ళలో ఇద్దరు కిసుక్కుమన్నారు. వాళ్ళ వెనక ప్యాకింగులో చేరి మూడు నెలలైనా కాని జల్లెడక్క కూతురు నిలబడి ఉంది. ఆ పిల్ల ముఖం కందగడ్డలా అయిపోయింది. జల్లెడక్క కూతురి వైపు చూడలేదు. మేస్త్రీ చేతిలోని పుస్తకం వైపు చూస్తూ, "నా పని పోతే పోయింది," అంది. "దొంగ కూతురన్న పేరుతో అది ఇక్కడ ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఇంకో ఫ్యాక్టరీ గుమ్మం ఎలా ఎక్కుతుంది? శనివారం దాకా వ్యవధి ఉంది కదండీ. అన్ని రోజులూ నా మీదే కన్నేసి ఉంచండి. నా చెయ్యి ఒక్కసారి నోటి దగ్గరికి వెళ్ళినా ఆ క్షణమే పంపెయ్యండి."

"వెళ్ళకపోతే?" అనలేదు ఆవిడ. అననందుకే మేస్త్రీకి ఆ ప్రశ్న రోజంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

మంగళవారం పొద్దున మేస్త్రీ తన కుర్చీ తెచ్చి పొడిగది కిటికీ అద్దం ముందు వేసుకున్నాడు. దొంగను పట్టడం అతనికి కొత్త కాదు, కానీ ఇలా ఎదురుగా కూర్చుని పట్టడం కొత్త. ఇద్దరు మగవాళ్ళు బస్తా ఎత్తి తొట్టిలో కుమ్మరిస్తారు. పడీపడగానే పంచదార పొడి తెల్లటి పొగలా పైకప్పు దాకా లేస్తుంది. జల్లెడక్క నడుము ఎత్తున వేలాడే పెద్ద జల్లెడను రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపుతుంది. ముప్పై ఊపులకొకసారి ఆగి, నిలిచిపోయిన పలుకుల్ని అట్టముక్కతో ఒక పక్కకు తోస్తుంది. మళ్ళీ ఊపుతుంది. గంటయ్యేసరికి ఆవిడ కనురెప్పలు తెల్లబడ్డాయి, చెవుల మడతలు తెల్లబడ్డాయి. ముక్కు దిబ్బడేసినట్టుంది, నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తోంది. చెమట తుడుచుకోవాలంటే మోచేత్తో నుదురు రుద్దుకుంటోందే తప్ప అరచెయ్యి ముఖం మీదికి రానివ్వడం లేదు.

ఒకసారి ఆవిడ నాలుక బయటికి వచ్చి పెదవిని తడిపి లోపలికి పోయింది. "అదిగో!" అనుకుని మేస్త్రీ గబుక్కున లేచాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి జల్లెడ చుట్టూ తిరిగాడు, తొట్టి అంచులు తడిమాడు, ఆవిడ వేళ్ళు చూశాడు. తడి వేలు ఒక్కటీ లేదు. ఆవిడ పని ఆపలేదు. అయిదు నిమిషాలు గడిచి బయటికి వచ్చాక గానీ తన పెదవులు కూడా తియ్యగా ఉన్నాయని అతనికి తెలియలేదు. జేబురుమాలుతో మూతి తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు.

అతని తల పైన గోడకు ఒక అట్ట వేలాడుతోంది. పొడిగదిలో పనిచేయువారు మూతికి గుడ్డ కట్టరాదు, అని దాని మీద అతని దస్తూరీయే. ఒకప్పుడు అందరూ కట్టుకునేవారు. గుడ్డ చాటున ఒకడు దవడలాడించడం కళ్ళారా చూసి, మేనేజరుకు చెప్పి, మేస్త్రీయే ఆ రూలు పెట్టించాడు. నోరు కనబడుతుంటే దొంగతనం దాగదని అప్పుడు అతని వాదన. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

బుధవారం కూడా అదే కుర్చీ, అదే అద్దం. మధ్యాహ్నానికి మేస్త్రీకి తన మీద తనకే చిరాకేసింది. ఆవిడ దొంగైతే ఈపాటికి దొరకాలి. దొరకలేదంటే మహా గడుసుదైనా అయి ఉండాలి, లేదంటే... ఆ రెండో సగం అతను ఆలోచించదలుచుకోలేదు. తన సంగతి తనకు తెలియదూ? ఈ ఫ్యాక్టరీలో తింటే పళ్ళు పుచ్చుతాయనడానికి అతని దగ్గర ఎవరికీ చెప్పని రుజువొకటి ఉంది.

అన్నం తినేశాక జేబులోంచి వేయించిన శనగలు తీసి నోట్లో వేసుకోవడం అతని అలవాటు. శనగల్ని ముందు పళ్ళ దాకా రానివ్వడు. నాలుకతో పక్కకు తోసి దవడ పళ్ళ మధ్య ఫట్‌మనిపిస్తాడు. యాభై ఆరేళ్ళ వయసులో అలా నమలగలవాళ్ళు ఫ్యాక్టరీలో ఇంకెవరూ లేరని గర్వం కూడా. ఆ రోజు మనసు మనసులో లేదు. శనగల్లో రాయి ఉందని చూసుకోలేదు, పక్కకు తొయ్యడమూ మరిచిపోయాడు. టక్కుమంది. నోట్లోంచి తీసి చూసుకుంటే కట్టుడు పళ్ళ ప్లేటు రెండు ముక్కలై అరచేతిలో ఉంది.

ముందు నాలుగు పళ్ళూ కట్టుడువని ఇంట్లో భార్యకు తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. మేస్త్రీ రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, కడుపులో తిప్పుతోందని సైగ చేసి, తేలు కుట్టిన దొంగలా వెనక గేటు నుంచి ఇంటికి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున భార్య అతన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. ప్లేటు కట్టిన పాత డాక్టరు పని మానేసి చాలా కాలమైంది. ఆ కుర్చీలో ఇప్పుడు ముప్పై అయిదేళ్ళ డాక్టరమ్మ ఉంది. బల్ల మీద పిడికిలంత ప్లాస్టరు పన్ను ఒకటి, మధ్యకు తెరుచుకునేది, పెట్టి ఉంది. పదిహేనేళ్ళుగా ఇతరుల నోళ్ళు తెరిపించినవాడు తన నోరు తెరవమనేసరికి రుమాలు వదల్లేదు.

"ఇక్కడ సిగ్గు పడితే ఎలాగండీ," అంది డాక్టరమ్మ. "నేను రోజూ చూసేది ఇవే."

అతను కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. చిన్న అద్దం చల్లగా బుగ్గకు తగిలింది. ఒక దవడ అయింది, రెండో దవడ అయింది, మళ్ళీ మొదటిది.

"మీ దవడ పళ్ళు ఒక్కటి కూడా పుచ్చలేదు," అంది చివరికి. "ఈ వయసులో ఇలాంటి దవడలు నేను చూడలేదు. మరి ముందువి నాలుగూ ఎలా పోయాయి? ఎక్కడైనా పడ్డారా?"

పడ్డానని చెప్పి ఉంటే సరిపోయేది. భార్యకూ అదే చెప్పాడు, పెళ్ళికి ముందే. కానీ రెండు రోజులుగా అద్దం ముందు కూర్చుని, రెండు రాత్రులు నిద్ర పట్టక, అబద్ధం ఆడే ఓపిక కూడా అతనిలో అయిపోయింది. భార్య బయట బెంచీ మీద ఉంది. తలుపు మూసి ఉంది.

"తిన్నానమ్మా," అన్నాడు. ముందు పళ్ళు లేక మాట గాలిలా బయటికి వచ్చింది. "కొత్తగా పనిలో చేరిన రోజుల్లో. దొంగతనంగా పంచదార తిన్నాను. మూడు నాలుగేళ్ళలో పళ్ళు నల్లబడి విరిగిపోయాయి. చేసిన పాపం ఊరికే పోతుందా!"

"రోజూ తినేవారా?"

"లేదమ్మా! ఒక్కసారే. ఆకలేసి, ఒక మధ్యాహ్నం. గుప్పెడు."

డాక్టరమ్మ అద్దం కింద పెట్టేసింది. నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగింది. "గుప్పెడు పంచదారకు ఎవరి పళ్ళూ పోవండీ," అంది మెల్లిగా. "అలాగైతే ఈ ఊళ్ళో ఒక్కరికీ పళ్ళుండవు."

"మరి?"

ఆవిడ ప్లాస్టరు పన్నును రెండు చెక్కలుగా తెరిచి అతని ఒళ్ళో పెట్టింది. "ఇదిగో, పైన తెల్లగా ఉన్న ఈ పెంకు ఎనామిల్. ఒంట్లో దీన్ని మించి గట్టిది ఇంకేదీ లేదు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఇది పోతే మళ్ళీ పుట్టదు. దీని కింద పసుపుపచ్చగా ఉన్నది డెంటిన్. ఇది కొంచెం మెతక. దీన్నిండా కంటికి కనబడనంత సన్న గొట్టాలుంటాయి. అవి లోపల మెత్తటి గుజ్జు దాకా వెళ్తాయి. నరమూ రక్తమూ ఉండేది ఆ గుజ్జులోనే. తీపి వచ్చి పన్నును కొరుక్కు తినదు. పన్ను మీద పేరుకునే పాచిలో క్రిములుంటాయి, తీపిని తినేది అవి. తిని పులుపు వదులుతాయి. ఆ పులుపు ఎనామిల్‌లోని సున్నాన్ని కొంచెం కొంచెంగా లాగేస్తుంది. మొదట సుద్దముక్క రంగులో ఒక మచ్చ పడుతుంది. అప్పుడు నొప్పీ ఉండదు, ఏమీ ఉండదు. ఎనామిల్ దాటి డెంటిన్లో పడ్డాక లోపల్లోపలే వెడల్పవుతుంది. పైనుంచి చూస్తే చీమ దూరేంత కన్నం, లోపల డొల్ల. ఇక అప్పుడు తీపి తగిలితే జివ్వుమంటుంది."

జివ్వున లాగుతుంది, అన్న జల్లెడక్క గొంతు అతని చెవిలో మళ్ళీ వినబడింది.

"తీపి తినేవాళ్ళకు చాలావరకు మొదట పుచ్చేవి దవడ పళ్ళు," అంటూ డాక్టరమ్మ పన్ను పైభాగంలోని గాడుల మీద వేలు నడిపింది. "నమిలింది ఈ గాడుల్లో ఇరుక్కుంటుంది, పన్నుకూ పన్నుకూ మధ్య ఇరుక్కుంటుంది. ముందు పళ్ళ ముఖం నున్నగా ఉంటుంది, దాన్ని లాలాజలం ఎప్పటికప్పుడు కడిగేస్తూనే ఉంటుంది. మీకు అంతా తలకిందులుగా ఉంది. దవడలు రాళ్ళలా ఉన్నాయి, ముందువి పోయాయి. నోట్లోకి వెళ్ళిన తీపి చేసిన పని కాదిది. బయటి నుంచి వచ్చి పళ్ళ మీద వాలిన తీపి చేసిన పని. మీరు అప్పట్లో ఏం పని చేసేవారు?"

"పొడిగదిలో జల్లెడ."

"ముక్కు దిబ్బడేసేదా?"

"ఎప్పుడూ."

"అయితే నోరు తెరుచుకుని పీల్చేవారు. నోరు ఎండిపోతుంది, కడగడానికి లాలాజలం ఉండదు. గాల్లో పొడి నేరుగా వచ్చి ముందు పళ్ళకు అంటుకుంటుంది. చిగురు అంచున పేరుకుంటుంది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా, ఏళ్ళ తరబడి. మిఠాయిల తయారీలో, పిండి పనిలో ఇది ఉన్నదే. మీరు తినలేదండీ, పీల్చారు. మూతికి ఒక గుడ్డ కట్టుకుని ఉంటే చాలావరకు తప్పేది. మీ దగ్గర ఎవరూ కట్టుకోరా?"

మేస్త్రీ ఒళ్ళోని పన్నును రెండు చేతులతో మూశాడు. చెక్కలు సరిగ్గా కలవలేదు, మళ్ళీ తెరిచి మూశాడు.

"నా రోజుల్లో లేదు, తర్వాతివాళ్ళు కట్టుకునేవారు," అన్నాడు. "నేనే తీయించాను."

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. పళ్ళకు అచ్చు తీసుకుని, విరిగిన ప్లేటు ముక్కలు డబ్బాలో వేసి, సోమవారం రమ్మంది. దారిపొడుగునా భార్య ఏమన్నదో అతనికి వినబడలేదు. నాలుక దవడ పళ్ళ మీదే తిరుగుతోంది. ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి, అన్నీ గట్టిగానే ఉన్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ సాక్ష్యం అతని నోట్లోనే ఉంది. అంతకాలమూ దాంతో శనగలు నమిలాడు.

శుక్రవారం మేస్త్రీ మూతికి రుమాలు కట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చాడు. తన అట్ట కిందే నుంచుని, తన రూలు తనే తప్పి, పొడిగదిలో నలుగురినీ స్టూలు దగ్గరికి పిలిచాడు. సోమవారం గానిదే జరగని తనిఖీ శుక్రవారం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు.

"పంటి నొప్పా మేస్త్రీగారూ?" అని అడిగింది జల్లెడక్క.

"కాదమ్మా. కూర్చో. పెదవి కాదు, నోరు బాగా తెరువు. ఇంకా. ఆఁ అను."

చెంచాను తిప్పి పట్టుకుని బుగ్గను పక్కకు జరిపాడు. పదిహేనేళ్ళుగా టార్చి వెలుగు పడని చోటది. దవడ పళ్ళు నాలుగు మూలలా తెల్లగా, గాడుల్లో కూడా మచ్చ లేకుండా ఉన్నాయి. చెంచా పంటికి తగిలి టంగుమంది. మిగిలిన ముగ్గురివీ చూశాడు. ఒకడికి ఒక దవడ పన్ను పుచ్చింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ముందు వరసలు మాత్రం నలుగురివీ ఒకే తీరు, ఒకే నెలవంకలు. ఆ తర్వాత ప్యాకింగు వాళ్ళనూ కూర్చోబెట్టాడు. అక్కడ ఇద్దరికి ముందు పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి, దవడలు డొల్ల. సోమవారం కిసుక్కుమన్నవాళ్ళు వాళ్ళే. ఇన్నేళ్ళలో వాళ్ళ పేరు పక్కన ఒక్క చుక్క పడలేదు. వాళ్ళు ఇంట్లో తింటారో, ఇక్కడే తింటారో, పళ్ళు ఆ సంగతి చెప్పవు. మేస్త్రీ వాళ్ళ పేర్ల పక్కన ఏమీ పెట్టలేదు. చుక్కలంటేనే అతనికి వెగటు పుట్టింది.

శనివారం మధ్యాహ్నం మేనేజరు గదిలో బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. కింద మేస్త్రీ సంతకం ఒక్కటే తక్కువ. జల్లెడక్క తలుపు పక్కన నిలబడింది. చేతులు కడుక్కుని, జుట్టులో పొడి దులుపుకుని, బయటి బట్టల్లోకి మారి వచ్చింది. పని పోయిన మనిషిలా పోవడానికి సిద్ధపడే వచ్చిందని చూడగానే తెలుస్తోంది.

"పెట్టు," అన్నాడు మేనేజరు కలం అందిస్తూ. "ఆ రుమాలేంటయ్యా, రూలు పెట్టినవాడివి నువ్వే!"

"ఆవిడ తినలేదండీ."

"మూడు చుక్కలున్నాయిగా?"

"చుక్కలు పెట్టినవాడికి చూడ్డం రాలేదండీ." డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. ప్లాస్టరు పన్ను లేదు కాబట్టి బల్ల మీది పేపరువెయిటు తిప్పి చూపించాడు. మాటలు తప్పిపోతుంటే మళ్ళీ మొదటికి వచ్చి చెప్పాడు. మేనేజరు చెడ్డవాడేం కాదు. విన్నాడు. విన్నాక కుర్చీలో వెనక్కి వాలాడు.

"నిజమే కావచ్చు. కానీ ఇప్పుడిది తవ్వితే ఏమవుతుందో ఆలోచించావా? వెళ్ళిపోయిన పదకొండు మందీ రేపు గేటు ముందుంటారు. అప్పుడు సంతకాలు పెట్టింది నువ్వే. తోడబుట్టినవాడని కూడా చూడలేదని నిన్ను పది మందిలో పొగిడాను నేను. ఈ ఒక్క సంతకం పెట్టెయ్. కావాలంటే వచ్చే నెల నుంచి తనిఖీ మానేద్దాం."

మేస్త్రీ మూతికున్న రుమాలు ముడి విప్పాడు. ముందు పళ్ళు లేని ఆ నోటిని మేనేజరు మొదటిసారి చూశాడు. జల్లెడక్క కూడా చూసింది, చూసి కళ్ళు దించుకుంది.

"పన్నెండో పేరు తప్పకుండా కావాలంటే నాది రాయండి," అన్నాడు మేస్త్రీ. "పొడిగదిలో ఉన్నప్పుడు నేను ఒకసారి గుప్పెడు పంచదార తిన్నాను. మిగతావాళ్ళు తిన్నారనడానికి రుజువు లేదు. నా విషయంలో ఉంది, నేనే చెబుతున్నాను. ఇన్నేళ్ళలో తిన్నానని ఒప్పుకున్న దొంగ ఈ ఫ్యాక్టరీలో ఒక్కడే ఉన్నాడు. వాడితోనే మీరు తనిఖీ చేయించారు."

మేనేజరు కలానికి మూత పెట్టాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేశాడు. "కట్టుకోమను గుడ్డలు," అన్నాడు విసుగ్గా. "ఆ పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళు."

"పుస్తకం నాకు కావాలండీ. పేర్లు, ఇళ్ళ గుర్తులు అందులోనే ఉన్నాయి."

మేనేజరు అతని వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

బయటికి వచ్చాక మేస్త్రీ గోడ మీది అట్ట పీకాడు. మేకు దగ్గర చిరిగి ఒక ముక్క అక్కడే ఉండిపోయింది. జల్లెడక్క పక్కనే ఉంది. ఆవిడ దణ్ణం పెడుతుందేమో, ఏడుస్తుందేమో అని అతను భయపడ్డాడు. ఆవిడ రెండూ చేయలేదు.

"నేను తినలేదని సోమవారమే చెప్పాను కదండీ," అంది.

"చెప్పావమ్మా."

"ఆ మాట నా కూతురితో మీరే చెప్పండి. అందరూ ఉన్నప్పుడు."

చెప్పాడు. బిళ్ళల మిషన్లు ఆపించి, ప్యాకింగు బల్లల మధ్య నిలబడి, పళ్ళు లేని నోటితో చెప్పాడు. కొందరికి నవ్వొచ్చింది, కానీ ఎవరూ నవ్వలేదు. జల్లెడక్క పాత చీర అంచు చింపుకుని మూతికి కట్టుకుంది. పొడిగదిలోకి వెళ్ళి, గంట కొట్టే దాకా మిగిలిన అరబస్తా జల్లించింది.

ఆదివారం పొద్దున మేస్త్రీ తమ్ముడి వీధిలోకి వెళ్ళాడు. ఏడేళ్ళయింది ఆ వీధి ముఖం చూసి. తమ్ముడు ఇప్పుడు గొడుగులు, సూట్‌కేసులు బాగుచేస్తాడని విన్నాడు. వరండాలో విరిగిన గొడుగు ఊచలు గుత్తులుగా కట్టి ఉన్నాయి. తలుపు తీసిన మరదలు "బావగారూ" అనబోయి మధ్యలోనే ఆగిపోయింది. లోపలికి తిరిగి, "ఏమండీ," అని మాత్రం అంది.

తమ్ముడు చేతిలో పట్టకారుతోనే వచ్చాడు. అన్నను చూడగానే అతని ఎడమ చెయ్యి లేచి నోటికి అడ్డంగా వెళ్ళింది. అప్పటికే మేస్త్రీ చెయ్యి తన నోటి మీద ఉంది. అన్నదమ్ములిద్దరూ గుమ్మానికి అటూ ఇటూ ఒకే తీరుగా నిలబడ్డారు.

"ఒరేయ్," అన్నాడు మేస్త్రీ, "నువ్వు తినలేదు."

తమ్ముడు కదల్లేదు. "ఆ రోజు నేనూ అదే అన్నాను అన్నయ్యా," అన్నాడు.

"అన్నావు. నేను వినలేదు. తప్పు నాదిరా." చెప్పాలని దారంతా సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి, ఎనామిల్ గురించీ గాలిలో పొడి గురించీ. ఏవీ రాలేదు. చెయ్యి కిందికి దించాడు. తమ్ముడు ఆ నోటి వైపు చూశాడు. ఎప్పటి నుంచి, అని అడగలేదు. తనూ చెయ్యి దించాడు. అతనికి ముందు రెండే పళ్ళు మిగిలి ఉన్నాయి, అవీ మొండిగా.

"లోపలికి రా," అన్నాడు.

చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మరదలు పళ్ళెంలో గుప్పెడు వేరుశనగలు పోసి ఇద్దరి మధ్యా పెట్టి, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. తమ్ముడు ఒక గింజ తీసి నోట్లో వేసుకున్నాడు. ముందు పళ్ళ జోలికి పోకుండా నాలుకతో పక్కకు తోసి దవడల మధ్య నమిలాడు. ఫట్‌మంది. అన్న చెవులారా విన్నాడు ఆ చప్పుడు. తనూ ఒకటి తీసుకుని అలాగే పక్కకు తోశాడు.

"దవడలు బాగున్నాయా?" అని అడిగాడు.

"బాగానే ఉన్నాయి," అన్నాడు తమ్ముడు. "ఎప్పుడూ బాగానే ఉన్నాయి. నువ్వెప్పుడూ చూడలేదు."

మరదలు నీళ్ళు తెచ్చేసరికి ఇద్దరూ తల వంచుకుని నములుతూ ఉన్నారు.